గౌనుకి కొంగెక్కడిది? గుడ్డబొమ్మల తగువుల డైరీ

మే 25

ఫ్యాన్ కింద ఎవరు పడుకోవాలని ఇవాళ మధ్యాహ్నం మా పిల్లలిద్దరికీ పడింది. పెద్దోడికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి అయిదు. రోజూ ఉండే గోలే, రాసుకునేంత విషయం కాదు. రాసుకోవలసింది తగువుకి ముందు చిన్నది చేసిన పని. అన్న మంచం దాకా నడిచింది, ఆగింది, కుడిచేత్తో గౌను అంచు పట్టుకుని నడుం దగ్గర దోపుకుంది. నిలవలేదు, జారిపోయింది. మళ్లీ దోపింది. ఆ తర్వాతే నోరు విప్పింది.

గౌనుకి కొంగెక్కడిది? ఆ దోపుడు మా అత్తగారిది. పాలవాడితోనైనా నాతోనైనా ఆవిడ మాట పెంచదలిస్తే ముందు కొంగు తీసి బొడ్లో దోపుతారు. అది చూసి నేను గొంతు సర్దుకుంటాను. పదేళ్ల కాపురంలో మా ఇద్దరికీ అదొక గంట కొట్టినట్టు. చిన్నదానికి తగువు మాటలే కాదు, ఆ గంట కూడా వచ్చేసింది.

నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు. ఇది ఇంకేమేం ఎత్తుకుందో చూడాలనిపించింది. ఊరికే చూస్తే మర్చిపోతాను కాబట్టి నా కుట్టుపని ఆర్డర్ల పాత పుస్తకంలో వెనక ఖాళీ పేజీలు తీశాను. సాయంత్రాలు మా అరుగు మీద వీధి పిల్లలకి తెలుగు అక్షరాలు చెబుతాను, మా పిల్లలిద్దరితో కలిపి ఏడుగురు. మాది పర్లాకిమిడి. గజపతి జిల్లా, ఒడిశా. బడి ఒడియాలో కాబట్టి ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకి తెలుగు రాయడం రాదు. అక్షరాలయ్యాక అరగంట ఆట. ఆ అరగంటలో వాళ్లకి బొమ్మలిచ్చి, బొమ్మల చేత ఇల్లు ఆడించి, ఆ బొమ్మలు ఎలా తగువాడుకుంటాయో రాసుకోవాలి. ఇదీ పని. సెలవులు కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టాలి.

మే 28

జాకెట్లు కుట్టగా మిగిలిన పీలికలు రెండు సంచుల నిండా ఉన్నాయి. గుడ్డకి కొదవలేదు. చేతికి తొడుక్కునే బొమ్మలు కుడదామనుకున్నాను. మొదటిది నా చెయ్యి పెట్టి సుద్దతో గీసి కత్తిరించాను. పదిహేనేళ్లుగా కొలతలు తీసుకుంటున్నదాన్ని, ఆ మాత్రం తోచలేదు. చిన్నదాని వేలు బొమ్మ మెడ దాకా కూడా అందలేదు. తల వేలాడిపోయి, ఏదో తప్పు చేసి దొరికినట్టు బొమ్మ నేల చూపులు చూస్తోంది.

మళ్లీ టేపు పెట్టాను. మణికట్టు నుంచి నడిమివేలి కొస దాకా అయిదంగుళాలకి కాస్త తక్కువ. కుట్టుకి అరంగుళం వదిలి కత్తిరించాను. తలలో ఉత్త దూది కూరితే వేలికి పట్టు దొరకడం లేదు. శుభలేఖ అట్ట ముక్కని గొట్టంలా చుట్టి మెడలో పెట్టి, దాని చుట్టూ దూది కూరాను. చూపుడువేలు గొట్టంలోకి, బొటనవేలు ఒక చేతిలోకి, నడిమివేలు ఇంకో చేతిలోకి. తల ఊపడం వచ్చింది. రెండు చేతులూ చాపి ‘ఏటి?’ అన్నట్టు నిలబడడం వచ్చింది. తగువుకి ఇంకేం కావాలి?

అయిదు బొమ్మలు తేలాయి. కళ్లకి చొక్కా బొత్తాలు. ఒకదానికి అలవాటుకొద్దీ ఎర్రదారంతో బొట్టు కుట్టాను, అదీ తప్పే అయింది. బొట్టున్న బొమ్మని అందరూ అమ్మని చేసేశారు, ఇక దాన్ని ఎవరూ మార్చనివ్వడం లేదు. దారం విప్పేశాను. ఎవరు ఎవరో వాళ్లే చెప్పాలి, నేను చెప్పకూడదు.

జూన్ 1

నవారు మంచాన్ని అడ్డంగా నిలబెట్టి మీద దుప్పటి కప్పాం. పిల్లలు మంచం వెనక, బొమ్మలు పైన. రెండు గజాల అవతల నేను వీపు తిప్పి హుక్కులు కుట్టుకుంటూ కూర్చున్నాను. మిషను తొక్కితే మాటలు వినబడవు. ఎవరు కొట్టుకున్నా, ఎవరు ఏడ్చినా నేను కలగజేసుకోకూడదని నియమం.

మొదటి ఆట. ఒక బొమ్మ చిన్నదాని చేతిలో, ఒకటి పెద్దోడి చేతిలో, మధ్యలోది ఎదురింటి గుంటడి చేతిలో. విన్నది విన్నట్టు:

‘గేసు అయిపోయిందని నిన్న సెప్పాలి కదా?’

‘సెప్పాను. నువ్వే ఇన్లేదు.’

‘నాకు సెప్పలేదు.’

‘మీ నాన్నకి సెప్పమ్మా, నాను సెప్పానని.’

‘మీ యమ్మకి సెప్పు, అరిస్తే గేసు రాదని.’

మధ్య బొమ్మ ఇటు తల తిప్పింది, అటు తల తిప్పింది. ‘నాకు ఆకలేస్తంది’ అంది.

పెద్దోడి బొమ్మ ‘నాను బయటికెళ్తన్నా’ అని దుప్పటి కిందికి దిగిపోయింది. దిగే ముందు ఒక చప్పుడైంది, గలగలమని. వెనక్కి తిరిగి చూశాను. వాడి చేతిలో సైకిలు తాళంచెవి. మా ఇంట్లో మాట ముదిరితే ఆయన మేకుకున్న బండి తాళంచెవి తీసి వేలికి తిప్పుతారు. నిజంగా వెళ్లేది ఎప్పుడో ఒకసారి. తిప్పడం మాత్రం ప్రతిసారీ.

గేసు అయిపోయింది మొన్న గురువారం, మా వంటింట్లో.

జూన్ 4

డి.ఎడ్. (టీచరు ట్రైనింగు) చదివిన రోజుల్లో, మనస్తత్వ శాస్త్రవేత్త బండూరా అంటే నాకు అయిదు మార్కుల ప్రశ్న. బొమ్మను కొట్టిన ప్రయోగం, సంవత్సరం, ఫలితం, అంతే. రాత్రి అటక మీంచి ఆ నోట్సు దించి మళ్లీ చదివాను.

1961లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో ఆల్బర్ట్ బండూరా, ఆయన తోటివాళ్లు 72 మంది పిల్లలతో చేశారు. సగం ఆడపిల్లలు, సగం మగపిల్లలు, అందరూ ఆరేళ్ల లోపువాళ్లే. కొందరి ముందు ఒక పెద్దమనిషి, కొడితే పడి మళ్లీ లేచే గాలిబొమ్మను గుద్దాడు, చెక్క సుత్తితో కొట్టాడు, గాల్లోకి విసిరాడు, మధ్య మధ్య కొన్ని మాటలు అన్నాడు. ఇంకొందరి ముందు పెద్దవాళ్లు ఆ బొమ్మ జోలికే పోకుండా వేరే సామానుతో ఆడుకున్నారు. మిగిలిన పిల్లలకి ఎవరినీ చూపించలేదు. తర్వాత పిల్లలందరినీ కాసేపు మంచి బొమ్మలతో ఆడనిచ్చి, ఆట రుచి పట్టే వేళకి లాగేసుకుని, ఉడికించి, గాలిబొమ్మ ఉన్న గదిలోకి పంపారు. కొట్టడం చూసినవాళ్లు అలాగే కొట్టారు, ఆ మాటలే అన్నారు. మగపిల్లలు మగవాళ్లని చూసినప్పుడు ఇంకా గట్టిగా కొట్టారు. మా పెద్దోడు కొంగు దోపకుండా తాళంచెవి తిప్పడం నాకు ఇక్కడ గుర్తొచ్చింది.

గాలిబొమ్మ కొట్టడానికే పుట్టిన బొమ్మ కదా, దాన్ని కొడితే పిల్లాడు రౌడీ అయిపోయినట్టా అని ఈ ప్రయోగాన్ని తప్పుపట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. సబబైన మాటే. కాని నన్ను పట్టుకున్నది 1965 నాటి ఇంకో ప్రయోగం. ఈసారి సినిమా చూపించారు. కొట్టినవాడికి చివర్లో కొందరి సినిమాలో బహుమతి, కొందరి సినిమాలో చీవాట్లు, కొందరి దాంట్లో ఏమీ లేదు. చీవాట్లు పడ్డం చూసిన పిల్లలు తక్కువ కొట్టారు. ఇక్కడితో ఆగితే, భయం పెడితే సరిపోతుందన్నమాట. ఆగలేదు. ‘ఆయన ఏం చేశాడో చేసి చూపిస్తే పళ్లరసం, స్టిక్కర్లు ఇస్తాం’ అన్నారు. మూడు గుంపులూ ఇంచుమించు సమానంగా చేసి చూపించాయి. అంటే నేర్చుకోవడం అందరూ నేర్చుకున్నారు. చీవాట్లు చూసినవాళ్లు బయట పెట్టలేదు, అంతే.

నేను రోజుకి ఎన్నిసార్లు ‘అలా అనకూడదు’ అంటానో! ఆ మాటతో లోపలిది పోవడం లేదు, గడప దాటడం లేదంతే. ఇప్పుడు బొమ్మలు పళ్లరసం పని చేస్తున్నాయి.

ఇంకొకటి కొంగుకి సంబంధించినది. 2005లో విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ అనే పరిశోధకులు చింపాంజీలకీ మూడు నాలుగేళ్ల పిల్లలకీ ఒక పెట్టె చూపించారు. తెరిచి లోపలి బహుమతి తీసుకోవాలి. చూపించేవాళ్లు కావాలనే ముందు పుల్లతో పెట్టె పైన పనికిరాని పొడుపులు పొడిచి, ఆ తర్వాత తెరిచారు. పెట్టె అద్దంలా ఉంటే లోపల ఏముందో కనిపిస్తుంది, ఆ పొడుపులు దేనికీ కావని తెలిసిపోతుంది. చింపాంజీలు వాటిని వదిలేసి నేరుగా తెరిచాయి. పిల్లలు పొడుపులన్నీ పొడిచి మరీ తెరిచారు. మనిషి పిల్ల ఏది పనికొస్తుందని ఏరుకోదు, మొత్తం ఎత్తుకుంటుంది. అలా ఎత్తుకోబట్టే ముగ్గు, మడి, వంట చేతి నుంచి చేతికి వచ్చాయి. గౌనుకి కొంగు కూడా ఆ దారినే వచ్చింది.

జూన్ 8

పుస్తకంలో రంగులు మొదలుపెట్టాను. తెలుగు మాటకి గీత లేదు, ఒడియా మాట కింద నీలి గీత, హిందీ మాట కింద ఎర్ర గీత. వేరే ఊళ్లో ఉండే తల్లికి ఈ సదుపాయం ఉండదు. మా ఊళ్లో పిల్లాడి నోటి మాట ఏ భాషలో ఉందో చూస్తే ఎక్కణ్ణుంచి వచ్చిందో సగం తెలిసిపోతుంది.

వారం రోజుల పేజీలు చూస్తే నాది, నా వంతు, నేను ముందు అనే తగువులన్నీ నీలం. ‘మోర పాళి’, ‘ము ఆగ’. బడి ఆవరణలో నేర్చినవి. బెదిరింపులన్నీ ఎరుపు. ‘దేఖ్ లూంగా తుఝే’ (నీ సంగతి చూస్తా) అని ఆరేళ్ల పిల్ల అంటోంది, ఆ మాటకి అర్థం అడిగితే తెలీదంది, ‘అలగ అన్నాక ఎగిరి తన్నాలి’ అంది. ఫోన్లో కార్టూన్. ఇక ఎత్తిపొడుపులు, సాధింపులు, పాతవి తవ్వడం, ‘ఎన్నిసార్లు సెప్పాను’, ‘నీకెందుకులే’, ‘నా కర్మ’, ఇవన్నీ గీత లేనివి. అచ్చ తెలుగు. ఇంటి సొత్తు.

నోటి మాటను చెవితో పట్టి కాగితం మీద పెట్టడం ఈ ఊరికి కొత్త కాదులెండి. గిడుగు రామమూర్తి 1880లో ఇక్కడి రాజావారి బడిలో పంతులుగా చేరి, వ్యాకరణం పుస్తకమంటూ లేని సవర అనే గిరిజన భాషను సవరల నోటి నుంచే నేర్చుకున్నారు. ఆ భాషకి ఆయన రాసిన పుస్తకం 1931లో వచ్చింది. ఇళ్లల్లో ఎలా మాట్లాడుకుంటామో అలాగే రాయాలని ఆయన ఏళ్ల తరబడి వాదించింది కూడా ఇక్కణ్ణుంచే. నేను చేస్తున్నది ఆ వాదానికి చాలా చిన్న, కొంచెం సిగ్గుపడవలసిన ఉపయోగం.

నీలి గీతల్లో ఒకచోట బోల్తా పడ్డాను. చిన్నది ‘తోర కణ గలా?’ అంటోంది. నీదేం పోయింది అని. బడి మాటే అని నీలం గీసి పక్కన ‘బడి’ అని రాశాను. రెండుసార్లు విన్నాక అనుమానమొచ్చింది. చివరి ‘లా’ని సాగదీసి, గడ్డం కొద్దిగా పైకెత్తి అంటోంది. ఇవాళ పొద్దున్న సిలిండరు తెచ్చిన కుర్రాడు గుమ్మం దగ్గరే దింపేసి పోతుంటే, లోపల పెట్టమన్నాను. ఎక్కువ డబ్బు అడిగాడు. నేను అన్నాను, ‘తోర కణ గలాఆ?’ అని. గడ్డం పైకెత్తే అని ఉంటాను, నాకు కనబడదు కదా.

నేను ఇంట్లో వాళ్లతో తెలుగులో, వీధి మగవాళ్లతో ఒడియాలో దెబ్బలాడతాను. ఇన్నేళ్లూ నాకే తెలీదు. ‘బడి’ కొట్టేసి ‘నేను’ అని దిద్దాను.

జూన్ 11

జరుగుతుందని భయపడిందే జరిగింది. ఒక పిల్ల తల్లి మధ్యాహ్నం వచ్చింది. జాకెట్టు కొలత అనుకుని టేపు తీశాను. కాదు. ‘అప్పా, మా ఇంట్లో మాటలు పుస్తకంలో రాస్తన్నావంట?’ అంది. కోపంగా కూడా కాదు, మొహం కింద పెట్టుకుని.

రాశాను. వాళ్ల పిల్ల చేతిలోని బొమ్మ, అప్పు గురించీ సీసా గురించీ ఏవో అంది. నేను పేరు లేకుండానే రాశాను గాని ఈ వీధిలో పేరుతో పనేముంది? పుస్తకం తెచ్చి ఆ అమ్మాయి ముందే మూడు పేజీలు చింపి చేతిలో పెట్టాను. మడిచి జాకెట్లో దోపుకుని, వెళ్తూ వెళ్తూ, ‘మా గుంటని ఆటకి పంపుతాను, అదేం కాదు’ అంది. ఆ మాటకి నాకు ఇంకా సిగ్గేసింది.

ఇవాళ్టి నుంచి మా పిల్లలిద్దరి మాటలే రాస్తాను. మిగతా వాళ్ల బొమ్మలు ఏమైనా అనుకోనీ, హుక్కులు కుట్టుకుంటాను. ఒక పిల్లాడు మొదటి రోజు నుంచీ తన బొమ్మని మంచం పైకి ఎత్తడు, కింద ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. దాని గురించి ఏమీ రాయలేదు, రాయను.

జూన్ 15

మా వాళ్ల బొమ్మల తగువులు ఇప్పటికి పదిహేడు. ఎలా మొదలయ్యాయో చూసుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. రాత్రి పేజీలు వెనక్కి తిప్పుతుంటే, ఎలా ముగిశాయో ఒకసారి లెక్కపెడదామనిపించింది.

తాళంచెవి గలగల, బయటికి: ఎనిమిది. ఆకలేస్తోందనో కరెంటు పోయిందనో ఇంకెవరో వచ్చారనో: ఆరు. ఒక బొమ్మ పడుకోవడం: మూడు. ఇద్దరూ కలిసిపోవడం: సున్నా.

మళ్లీ చూశాను. సున్నానే.

ఇదే పిల్లలు బొమ్మలు లేనప్పుడు ఎలా ఉంటారో తెలుసు కదా. చిటికెన వేలు చూపించి ‘నీతో పచ్చి’ అంటారు, పావుగంటకి రెండు వేళ్లు చూపించి ‘జట్టు’ అంటారు, అయిపోయింది. పిల్లల తగువుకి మొదలుంది, తుది ఉంది, రెంటికీ సైగలున్నాయి. బొమ్మని తొడుక్కుని అమ్మో నాన్నో అయ్యేసరికి తుది పోతోంది. ఎందుకంటే వాళ్లు అది చూడలేదు.

మేం కలిసిపోమా? కలిసిపోతాం. గేసు తగువు ఆ రాత్రే అయిపోయింది. పిల్లలు పడుకున్నాక ఆయన ‘రేపు నేనే బుక్ చేస్తాలే’ అన్నారు, నేను ‘సరే’ అన్నాను. అరవడం హాల్లో, అందరి ముందు. తీరడం చీకట్లో, గుసగుసల్లో. పిల్లలకి మేం ఇస్తున్నది సగం తగువు. ఒక వైపే కుట్టిన జాకెట్టు.

జూన్ 19

ఈ విషయం మీద పని చేసినవాళ్లు ఉన్నారు. అమెరికాలో ఇ. మార్క్ కమింగ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980ల నుంచీ ఇదే పట్టుకున్నారు, పెద్దవాళ్ల కోపం పిల్లల మీద ఎలా పడుతుందని. ఆయన, తోటివాళ్లు చేసిన అధ్యయనాల్లో పిల్లలకి పెద్దవాళ్ల తగువులు వీడియోల్లో చూపించారు. కొన్ని తీరిపోయేవి, కొన్ని తీరనివి. తీరిన తగువు చూసిన పిల్లలు అంతగా కలతపడలేదు. మాట్లాడకుండా మొహం ముడుచుకోవడాన్ని కూడా పిల్లలు తగువుగానే లెక్కేస్తారు. మాట లేదు కదా, పిల్లలకి తెలీదులే అనుకోవడం మన భ్రమ.

అయితే మా ఇంట్లో రాజీ పగలు అస్సలు జరగదా అని నిన్నా ఇవాళా కనిపెట్టి చూశాను. జరుగుతోంది. కాకపోతే అది రాజీ అని తెలిసినవాళ్లకే తెలుస్తుంది. నిన్న మధ్యాహ్నం దాకా ఇద్దరికీ మాటల్లేవు. భోజనాల దగ్గర ఆయన పప్పన్నం తినడం అయ్యాక నేను అడిగాను, ‘మజ్జిగ వెయ్యనా?’ ఆయన కంచం కొంచెం జరిపి, ‘వెయ్యి’ అన్నారు. అంతే. ఆ రెండు మాటలతో తగువు అయిపోయింది. మజ్జిగ రోజూ ఉండేదే, రోజూ అడగను, గిన్నె అక్కడ పెట్టేస్తాను. అడిగానంటే అర్థం వేరు. పిల్లలకి మాత్రం అది మజ్జిగే.

ఇది అత్తగారికి చెబితే పకపకా నవ్వారు. ‘మీకు మజ్జిగ మాటైనా ఉన్నాది. మీ మావగారు నాతో మాటాడితే గదా! కంచం ఇలగ జరిపితే అన్నం వెయ్యమని, అలగ జరిపితే సాలని. కోపమొస్తే మధ్యలో ఉంచేవోరు. ఏటి సెయ్యాలి నాను? రెండు పూటలు అలగే నిలబడ్డాను.’ చెబుతూ ఒక కంచం తీసి జరిపి చూపించారు. చిన్నది పక్కనే ఉంది, కళ్లప్పగించి చూస్తోంది. అయ్యో అనుకున్నాను.

జూన్ 22

పగటిపూట, పిల్లల ముందు, మాటల్లో రాజీ పడాలని ఆయనతో ఒప్పందం. ఆయనకి ఇష్టం లేదు. ‘గుంటల ముందర ఏటిది, నాటకమా?’ అన్నారు. సరే ఒకసారి చూద్దామన్నారు.

ఇవాళ కరెంటు బిల్లు కట్టలేదన్న దాని మీద నిజంగానే మాటా మాటా వచ్చింది. అయ్యాక నేను, ‘సారీ, నేను అంత గట్టిగా అనకూడదు’ అన్నాను. ఆయన ‘నేను కూడా సారీ’ అన్నారు, గోడ మీది క్యాలెండరు వైపు చూసి. పిల్లలిద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని పడీ పడీ నవ్వారు. పెద్దోడు, ‘అమ్మా, బళ్లో సార్ అనమంటేనే సారీ అంటాం. అనేసి బయటికొచ్చి మళ్లీ కొట్టుకుంటాం’ అన్నాడు.

విఫలం. అరువు మాట అతకలేదు. మా ఇంట్లో ఎవరూ ఎవరికీ ఎప్పుడూ చెప్పని మాట అది, ఒక్కసారిగా నోట్లోంచి వస్తే నాటకంలాగే ఉంటుంది. ఆయన అన్నదే నిజమైంది (ఈ ముక్క ఆయనకి చెప్పను).

జూన్ 27

రథయాత్ర. అక్షరాలు లేవు, బొమ్మలు లేవు. పిల్లలు వీధిలో అట్టపెట్టెకి తాడు కట్టి రథం చేశారు. జగన్నాథుడికి మా బాబిన్ డబ్బా. లాగే ముందు ఒకడు చీపురు పట్టుకుని రాజులా ఊడవాలి, రథం ముందు గజపతి మహారాజు ఊడిచినట్టు. ఎవరు రాజన్న దాని మీద గంటసేపు గొడవ. ఊడ్చే పని కోసం పిల్లలు కొట్టుకోవడం ఈ ఒక్క రోజే చూస్తాం. మా వాడికి ఇంట్లో చీపురు ఎక్కడుంటుందో కూడా తెలీదు.

జూలై 6

బొమ్మలకి మరమ్మతులు. రెండింటికి మెడ దగ్గర కుట్టు పోయింది, లోపలి అట్ట చెమటకి మెత్తబడింది. ఈసారి దారపు రీలు ప్లాస్టిక్ గొట్టం కోసి పెట్టాను, గట్టిగా ఉంది. రెండోసారి కుట్టేటప్పుడు మెడ చుట్టూ ఒక పట్టీ వేస్తే లాగినా ఊడదని తెలిసింది.

సారీలు మానేశాం. బదులుగా, ఉన్న రాజీకే కొంచెం మాట అతికిస్తున్నాం. వెనకటి వారం అంతా గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను కొనాలా, బండి టైర్లు మార్చాలా అన్న తగువు. పెద్దదే, మూడు రోజులు సాగింది. శుక్రవారం భోజనాల దగ్గర అడిగాను, ‘మజ్జిగ వెయ్యనా?’ ఆయన ‘వెయ్యి’ అన్నారు. అక్కడ ఆగకుండా, పిల్లలకి వినబడేలా, ‘ముందు టైర్లే మార్చండి, వానల్లో జారతాయి. మిషను దీపావళికి చూద్దాం’ అన్నాను. ఆయన కాసేపు కలుపుకున్నారు. ‘టైరు ఒకటే మారుద్దాం, వెనకది. మిగతా డబ్బు మిషనుకి ఉంచు’ అన్నారు. నటన కాదు. ఆ మాట ఆయన అప్పుడే అనుకున్నారు, నాకూ కొత్తే.

పెద్దోడు తల ఎత్తి, ‘అయితే అయిపోయినట్టేనా?’ అన్నాడు. ‘ఏటి?’ అన్నారు ఆయన. ‘అదే, మీది’ అన్నాడు. ‘అయిపోయింది’ అన్నారు. వాడు ఇంకో ముద్ద తిని, ‘మజ్జిగంటే అయిపోయినట్టా?’ అన్నాడు. మేమిద్దరం దొరికిపోయినట్టు నవ్వాం. అత్తగారు నవ్వలేదు, కంచం ఒకసారి చూసుకున్నారు.

జూలై 13

బడులు తెరిచాక ఆట ఆదివారాలకే పరిమితమైంది. ఇవాళ్టి ఆటలో మా వాళ్ల బొమ్మలకి తగువు, ఫోను ఎవరి దగ్గర ఉండాలని. చిన్నది ముందుగా బొమ్మ లంగా అంచుని బొమ్మ నడుంకి దోపింది (నడుం ఎక్కడో దానికే తెలియాలి). పెద్దోడి బొమ్మ ఏదో అంది. చిన్నదాని బొమ్మ పళ్లెం మూత ఒకటి ఇటు జరిపి, అటు జరిపి, సరిగ్గా మధ్యలో పెట్టింది. పెద్దోడికి అర్థం కాలేదు. నాకైంది. ఒక్కసారి, వంటింట్లో, సరదాకి చూపించింది అది.

తర్వాత చిన్నది బొమ్మతో పెద్దోడి బొమ్మ నెత్తి మీద ఫట్‌మని కొట్టింది. కొట్టి, వెంటనే, గొంతు మార్చి, నా గొంతుతో:

‘మజ్జిగ వెయ్యనా?’

‘వద్దు’ అన్నాడు వాడు.

మళ్లీ ఫట్. ‘మజ్జిగ వెయ్యనా?’

‘అమ్మా, సూడు దీన్ని! కొట్టేసి మజ్జిగంటంది.’

కలగజేసుకోకూడదని నియమం. హుక్కు కుడుతున్నాను, సూది గుచ్చుకుంది. మూడో ఫట్‌కి పెద్దోడు తాళంచెవి తీశాడు, గలగలమనిపించాడు, బొమ్మ కిందికి దిగబోయింది. సగంలో ఆగింది. ‘సరే వెయ్యి. కానీ ఫోను సగంసేపు నాకు’ అంది.

‘సగం కాదు. పావు.’

‘సగం.’

పావుగంట సాగింది ఆ బేరం. తేలలేదు. నేను రాసుకోవడం మధ్యలో ఆపేశాను, హుక్కులు పదింటిలో మూడే అయ్యాయి, రేపు పొద్దున్నే ఇవ్వాలి. ఆట అయ్యాక చిన్నది వంటింట్లోకి వచ్చి నిజంగానే మజ్జిగ కావాలంది, అన్నకి ఇవ్వాలట. పెరుగు అయిపోయింది. ఆయన్ని పంపాలి.

అత్తబొమ్మకి మెడ మళ్లీ ఊడింది. దానికి ఇంకా పట్టీ వెయ్యలేదు.